మందు కొట్టే ముందు ఒక షీటు: సుడిదోమకూ మిత్రపురుగులకూ లెక్క కట్టడం ఎలా

నిరుడు వానకాలంలో ఓ ఆదివారం పొద్దున మా బావ ఫోన్ చేసిండు. వర్ధన్నపేట దగ్గర ఆయనకు మూడెకరాల పొలం ఉంది, అంతా సాంబ మసూరి. నాటి అప్పటికి ఏడు వారాలు. "బామ్మర్దీ, దుబ్బుకు అయిదు సుడిదోమలున్నయ్. మందుల దుకాణపాయన ఇప్పుడే కొడ్తే పోతది, ఆగితే చేను మొత్తం సుడులు సుడులుగా ఎండుతది అంటున్నడు. ఏం జేద్దాం?" అన్నడు.

నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తాను. తినే జీవి, తినబడే జీవి సమీకరణాలు బోర్డు మీద ఎన్నిసార్లు సాధించానో లెక్కలేదు. బావ అడిగిన ప్రశ్న సరిగ్గా ఆ సమీకరణాలదే. అయినా ఆ రోజు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ మధ్యాహ్నం కూర్చుని ఫోన్‌లోనే ఓ షీటు చేశాను. అది మీరూ చేసుకునేలా ఇక్కడ మొదటి నుంచి చెప్తున్నాను. పదో తరగతి లెక్కలు వస్తే చాలు. మీ ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, ఇంకా తొందరగా అవుతుంది.

ఈ పని మీద నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. 1997-98లో మా వరంగల్ జిల్లా పత్తి రైతులు లద్దె పురుగు మీద మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఎంతోమంది ప్రాణాలు తీసుకున్నారు, ఆ మందే తాగి పోయినవాళ్లూ ఉన్నారు. మందు కొట్టాలా వద్దా అన్నది మా దగ్గర చిన్న ప్రశ్న కాదు. దానికి జవాబు భయంలోంచి రాకూడదు, దుకాణం కౌంటర్ మీంచి అంతకన్నా రాకూడదు.

మొదటి పని: పొలంలో దిగి లెక్కపెట్టడం

షీటు ఎంత బాగున్నా దానిలో పోసే అంకె తప్పయితే అంతా తప్పే. అందుకే ఎక్కువ ఓపిక ఇక్కడ పెట్టండి.

పొద్దున ఎండ ముదరకముందే వెళ్లండి. గట్టు నుంచి రెండు మీటర్లు లోపలికి నడిచి, ఒక మూల నుంచి ఎదురు మూలకు వాలుగా పోతూ అయిదు చోట్ల ఆగండి. ఒక్కో చోట నాలుగు దుబ్బులు, మొత్తం 20. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి ఉంటే ఈ పని సుఖంగా సాగుతుంది. సుడిదోమ ఆకుల మీద ఉండదు, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన కూర్చుని రసం పీలుస్తుంది. ఆకులు పక్కకు తీసి, మొదలును అరచేత్తో రెండుసార్లు తట్టండి. నీళ్ల మీద పడ్డవాటిని, కాండానికి ఇంకా అంటుకుని ఉన్నవాటిని కలిపి రాసుకోండి.

అదే దుబ్బు దగ్గర మిత్రపురుగులను, అంటే దోమను తినేవాటిని కూడా రాయండి. చాలామంది వదిలేసేది ఈ వరుసనే. సాలీళ్లు సులభంగా కనిపిస్తాయి. తోడేలు సాలీడు గూడు కట్టదు, దుబ్బు మొదట్లో తిరుగుతూ వేటాడుతుంది. అది రోజుకు 5 నుంచి 15 దాకా పురుగుల్ని తింటుంది. మిరిడ్ నల్లి సన్నగా, పచ్చగా, తల దగ్గర నల్లగా ఉంటుంది. దాన్ని పచ్చదోమ అనుకుని శత్రువుల్లో కలిపేస్తుంటారు. నిజానికి అది సుడిదోమ గుడ్లను వెతికి వెతికి తాగేస్తుంది. ఇంకా నీళ్ల మీద పరుగెత్తే చిన్న నల్లులు, అక్షింతల పురుగులు ఉంటాయి. అన్నీ ఒకే అంకెగా కలపండి. వేటి ఆకలి వాటిదే కాబట్టి ఇలా కలపడం కొంచెం మోటు పద్ధతి, కానీ మొదలుపెట్టడానికి సరిపోతుంది.

మా బావ నాటిన అయిదో వారంలో, ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) చెప్పాడని లెక్కపెట్టి పాత క్యాలెండర్ వెనక రాసిన అంకెలు ఇవి: 1, 0, 2, 3, 0, 14, 11, 2, 1, 0, 4, 6, 0, 3, 2, 17, 8, 1, 0, 5. మొత్తం 80, అంటే దుబ్బుకు సగటున 4. మిత్రులు దుబ్బుకు 2.

ఈ వరుసను ఇంకోసారి చూడండి. అయిదు దుబ్బుల్లో ఒక్క దోమా లేదు, ఒకదాంట్లో 17 ఉన్నాయి. సుడిదోమ గుంపులుగా ఉంటుంది, అందుకే చేను సుడులుగా ఎండుతుంది. ఇలాంటప్పుడు 4 అన్న సగటు మీద ఎంత నమ్మకం పెట్టాలి? అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత స్టాండర్డ్ డీవియేషన్, షీటులో ఆ ఫంక్షన్ వాడితే 4.9 వస్తుంది. దాన్ని 20 వర్గమూలంతో భాగిస్తే 1.1. దానికి రెట్టింపు తీసుకుంటే అసలు సగటు 4కు అటూ ఇటూ రెండు, అంటే సుమారు 2 నుంచి 6 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఈ 2, 6 అంకెలు పక్కన రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

రెండో పని: దోమ తప్పించుకునే వాటాను అర్థం చేసుకోవడం

షీటుకు ప్రాణం ఈ ఒక్క సూత్రం. దీన్ని మా మేనకోడలితో వాకిట్లో ఆడుతూ నేర్చుకున్నాం, మీరూ ఆడి చూడండి. ముగ్గుపిండితో పదికి పది గడులు గీయండి, మొత్తం 100. గుప్పెట్లో 100 కంది గింజలు తీసుకుని కళ్లు మూసుకుని గడులన్నిటి మీదా సమంగా పడేలా చల్లండి. గింజలు 100, గడులు 100 కాబట్టి గడికో గింజ పడుతుందనిపిస్తుంది. కానీ అలా పడదు. కొన్ని గడుల్లో రెండు, మూడు పడతాయి, దాదాపు 37 గడులు ఖాళీగా మిగులుతాయి. ఇంకో 100 గింజలు చల్లితే ఖాళీలు 13 లేదా 14కు తగ్గుతాయి. మూడో వంద కూడా చల్లితే 5.

గడులు దోమలు, గింజలు మిత్రుల వేట. మిత్రపురుగు దోమల్ని వరుసపెట్టి తినదు, ఎక్కడ తగిలితే అక్కడ తింటుంది. అందువల్ల కొన్ని దోమలు ఎప్పుడూ తప్పించుకుంటాయి. ఎంత వాటా తప్పించుకుంటుందో చెప్పే లెక్కే ఘాత ప్రమేయం, షీటులో దాని పేరు ఈఎక్స్‌పీ (EXP). ఆస్ట్రేలియాలో కీటక శాస్త్రవేత్త నికల్సన్, భౌతిక శాస్త్రవేత్త బెయిలీ కలిసి 1935లో దీన్ని పురుగులకు వాడారు.

తప్పించుకున్న వాటా = ఈఎక్స్‌పీ (− పట్టు × మిత్రులు)

'పట్టు' అంటే దుబ్బుకు ఒక్క మిత్రుడు ఉంటే వారంలో దోమల మీద పడే వేట ఒత్తిడి.

ఇక్కడే ఓ పక్క మాట. మొగి పురుగు గుడ్లను పాడుచేసే ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ కార్డులు పొలంలో కట్టేవాళ్లకు కూడా ఈ కంది గింజల లెక్కే వర్తిస్తుంది. 37, 13.5, 5 అన్న వరుస చూశారు కదా: ఒకేరోజు కడితే మొదటి కార్డులు చేసినంత పని వాటి మీద అదనంగా కట్టినవి చేయవు, ఇంకా కట్టినవి ఇంకా తక్కువ చేస్తాయి. పైగా ఆ కందిరీగ బతికేది కొద్ది రోజులే, మొగి పురుగు రెక్కల పురుగులేమో వారాల తరబడి గుడ్లు పెడుతూ ఉంటాయి. కాబట్టి అదే డబ్బుతో ఒకేరోజు రెట్టింపు కార్డులు కట్టడం కన్నా వారం వారం విడదీసి కట్టడం మేలు.

మూడో పని: నాలుగు అంకెలు సంపాదించడం

షీటుకు నాలుగు అంకెలు కావాలి. వాటికి నేను పెట్టుకున్న పేర్లు పెంపు, పట్టు, నిలకడ, రాబడి.

పెంపు అంటే మిత్రులు ఎవరూ లేకపోతే వారంలో దోమ ఎన్ని రెట్లు అవుతుందో ఆ అంకె. దీన్ని పొలంలోనే తీయొచ్చు. నాలుగు కర్రలు పాతి, పాత వాయిల్ చీర చుట్టి, పైన కూడా మూసి గూడు కట్టండి. దోమతెర గుడ్డ పనికిరాదు, పిల్ల దోమలు దాని కళ్లలోంచి జారిపోతాయి. లోపలి అయిదు దుబ్బుల్లోంచి సాలీళ్లను, మిరిడ్ నల్లులను ఏరి బయట వదిలి, దుబ్బుకు 4 దోమలు ఉంచండి. వారం తర్వాత విప్పి లెక్కపెట్టండి. మాకు దుబ్బుకు 8 వచ్చాయి. పెంపు 2.

పట్టు కూడా ఇందులోంచే వస్తుంది. గూడు పక్కనే తెరిచి ఉన్న అయిదు దుబ్బులకు గుర్తు కట్టండి. అక్కడ కూడా మొదట 4 దోమలే, కానీ మిత్రులు దుబ్బుకు 2 ఉన్నారు. వారం తర్వాత 4.4 దోమలు మిగిలాయి. గూట్లో 8, బయట 4.4, కాబట్టి తప్పించుకున్న వాటా 0.55. దీనికి సహజ లాగరిథమ్ తీసి, మైనస్ గుర్తు మార్చి, మిత్రుల సంఖ్య 2తో భాగిస్తే 0.3. గూట్లో దోమ ఎగిరిపోలేదు, బయటినుంచి వచ్చి వాలలేదు కూడా. అందుకని ఈ అంకె గీతకు గీత సరిపోతుందని అనుకోవద్దు.

నిలకడ అంటే తినడానికి దోమ లేకున్నా వారం తర్వాత పొలంలో మిగిలే మిత్రుల వాటా. రాబడి అంటే తిన్న ఒక్కో దోమకు పెరిగే మిత్రులు. ఈ రెండిటినీ నేరుగా కొలవడం కష్టం. నేను 0.7, 0.1 అని మొదలుపెట్టాను. రెండు మూడు వారాల మిత్రుల లెక్కలు చేతికొచ్చాక షీటు చూపే మిత్రుల వరుస, పొలంలో లెక్కపెట్టిన వరుస దగ్గరయ్యే దాకా వీటిని కొద్దికొద్దిగా జరపండి.

నాలుగో పని: షీటు కట్టడం

ఫోన్‌లో ఏ స్ప్రెడ్‌షీట్ యాప్ అయినా చాలు. అయిదు నిలువు వరుసలు పెట్టండి: వారం, దోమ, మిత్రులు, వాటా, తిన్నవి. పక్కన వేరే గడుల్లో ఆ నాలుగు అంకెలు రాయండి. సూత్రాల్లో ఆ గడులను డాలర్ గుర్తుతో బిగించండి, లేకపోతే కిందికి లాగినప్పుడు అవి కూడా జారిపోతాయి. ఫంక్షన్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

వాటా = ఈఎక్స్‌పీ (− పట్టు × మిత్రులు)
తిన్నవి = దోమ × పెంపు × (1 − వాటా)
వచ్చే వారం దోమ = దోమ × పెంపు × వాటా
వచ్చే వారం మిత్రులు = మిత్రులు × నిలకడ + తిన్నవి × రాబడి

0వ వారం దోమ 4, మిత్రులు 2 అని వేయండి. వాటా గడిలో 0.549, తిన్నవి గడిలో 3.61 రావాలి. కింది వరుసలో దోమ 4.39, మిత్రులు 1.76. వాటా 1 కన్నా ఎక్కువ వస్తే మైనస్ గుర్తు మరిచారన్నమాట. సరిగ్గా వస్తే ఎనిమిదో వారం దాకా కిందికి లాగండి. దోమ వరుస ఇలా వస్తుంది:

4, 4.4, 5.2, 6.4, 8.2, 10.3, 12.5, 13.9, 13.1

రెండో వారం 5.2 అని ఉంది చూడండి. మా బావ ఫోన్ చేసింది ఆ వారమే. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనే దశ నుంచి అయితే 20 నుంచి 25 దోమలుంటేనే మందు అన్నది మనకు తెలిసిన సిఫార్సు. అయిదు దోమలకు మందు అవసరం లేదని ఆ లెక్కే చెప్తుంది. కానీ "ఆగితే పెరుగుతది" అన్న మాట కూడా అబద్ధం కాదు, వరుస పెరుగుతూనే ఉంది. మరి ఇప్పుడే కొడితే ఏమవుతుంది?

అయిదో పని: షీటు మీద మందు కొట్టి చూడటం

పొలం మీద కొట్టే ముందు షీటు మీద కొట్టండి, దీనికి పైసా ఖర్చు లేదు. మొత్తం వరుసలను ఇంకో చోట కాపీ చేసి, రెండో వారంలో దోమను 0.2తో, మిత్రులను కూడా 0.2తో గుణించండి. అంటే మందు రెండిటినీ నూటికి 80 చంపిందని అర్థం. ఆ తర్వాతి వారాలు:

మూడో వారం 1.9, ఆపైన 3.5, 6.6, 12.5, 23.6, ఎనిమిదో వారం 43.5

పక్కపక్కన పెట్టి చదవండి. మూడో వారం కొట్టని పొలంలో 6.4, కొట్టిన పొలంలో 1.9. రైతు సంతోషిస్తాడు, దుకాణదారు మాట నిజమైంది. ఆరో వారం రెండూ 12.5 దగ్గర సమానం. ఎనిమిదో వారం కొట్టని పొలంలో 13, కొట్టిన పొలంలో 43. అప్పుడు రైతు ఏమనుకుంటాడు? "మందు కొట్టినా ఇంత దోమ వచ్చిందంటే కొట్టకపోతే ఇంకెంత వచ్చేదో" అనుకుంటాడు. మళ్లీ కొడతాడు.

ఇది నేను మొదటిసారి షీటులో చూసిన రోజు చాలాసేపు ఫోన్ కింద పెట్టలేకపోయాను. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్న ఫలితమే ఇది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట తగ్గింది. అప్పుడు రేవుల్లోకి వచ్చే చేపల్లో చిన్న చేపల్ని తినే పెద్ద చేపల వాటా పెరగడం డాంకోనా అనే జీవశాస్త్రవేత్త గమనించి, తన మామ వోల్తెరాను కారణం అడిగాడు. వోల్తెరా 1926లో జవాబు చెప్పాడు: రెండు జాతులనూ ఒకే తీరున చంపితే తినే జాతి తగ్గుతుంది, తినబడే జాతి సగటు పెరుగుతుంది. అమెరికాలో లోట్కా అంతకు ఏడాది ముందే ఇవే సమీకరణాలు రాశాడు. వల తీసి పక్కన పెట్టి మందు పంపు పెట్టుకుంటే అది మన పొలం కథే.

పొలంలో ఇంకో కారణం కూడా కలుస్తుంది. సుడిదోమ గుడ్లను కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడుగు లోపల పెడుతుంది. పైనుంచి కొట్టిన మందు వాటిని చాలావరకు తాకదు, దుబ్బు చుట్టూ తిరిగే సాలీడుకు మాత్రం దాక్కోవడానికి చోటుండదు. సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులు కొట్టిన వరిలో సుడిదోమ తిరగబెట్టడం ఆసియా అంతటా చూసిందే. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది, కారణం ఈ దోమే.

మూడో కాపీ కూడా చేయండి. ఈసారి దోమను 0.2తో, మిత్రులను 0.8తో గుణించండి. పిల్ల దోమను కుబుసం విడవనీయని బుప్రోఫెజిన్ లాంటి మందు సాలీళ్లను అంతగా చంపదు, అలాంటి మందుకు ఇది ఊహ లెక్క. ఎనిమిదో వారం 16.4 వస్తుంది. 43 కన్నా ఎంతో నయం. అయినా అసలు కొట్టని 13 కన్నా కొంచెం ఎక్కువే. మిత్రులు మందుకు చావకున్నా తిండి లేక తగ్గారు మరి. మెత్తటి మందయినా తొందరపడి కొట్టకూడదన్నది నాకు ఇక్కడే అర్థమైంది.

ఆరో పని: షీటును అనుమానించడం

ఇప్పుడు ఆ పక్కన రాసిపెట్టిన 2, 6 తీయండి. మందు లేని కాపీలో మొదటి దోమ 6 అని మార్చండి. ఎక్కువ దోమతో మొదలైంది కాబట్టి గరిష్ఠం పెరుగుతుందనుకుంటాం. కానీ 9.4 దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడు 2 వేయండి. ఎనిమిదో వారానికి 23.6! తక్కువ దోమతో మొదలైతే చివరకు ఎక్కువ దోమ వచ్చింది.

ఇలాంటిది వచ్చినప్పుడు షీటు చెప్పింది కదా అని తలూపకూడదు. ఎందుకలా అని ఒక్కో వరుసా చదవాలి. దోమ తక్కువైతే మన షీటులో మిత్రులు పస్తులుంటారు, అయిదో వారానికి 0.93కు పడిపోతారు, ఆ సందులో దోమ ఎగబాకుతుంది. లెక్క తప్పు కాదు. కానీ మనం రాసిన నియమంలో ఓ లోపం బయటపడింది: మిత్రులు సుడిదోమ తప్ప ఇంకేమీ తినరని రాశాం. పొలంలో సాలీడు అలా ఉండదు. కుళ్లిన ఎరువు తిని మడి బురదలోంచి లేచే చిన్న చిన్న ఈగల్లాంటి పురుగులను అది నాటిన మొదటి వారాల నుంచే తింటుంది. పశువుల ఎరువు పడ్డ మడిలో అవి ఎక్కువ.

అందుకే నాలుగో సూత్రం చివర 'పక్క తిండి' అని ఒక అంకె కలపండి, వారానికి 0.3 మిత్రులు. ఇప్పుడు 2తో మొదలుపెడితే ఎనిమిదో వారం దోమ 5.6 మాత్రమే. 23.6 ఎక్కడ, 5.6 ఎక్కడ! రెట్లలో చూస్తే, మందు, మెత్తటి మందు, ఈ రెండిటికన్నా పెద్ద తేడా షీటులో ఈ చిన్న అంకెతో వచ్చింది. మడిలో పశువుల ఎరువు వేయడం, తొలి నెల రోజులు మందు కొట్టకుండా ఉండటం అన్నవి పెద్దలు చెప్పే మాటలే. వాటి బరువు ఎంతో నాకు ఆ గడిలో కనిపించింది. పక్క తిండి మీ పొలంలో ఎంతో తెలియాలంటే దోమ ఇంకా రాని మూడు, నాలుగు వారాల్లో మిత్రుల్ని లెక్కపెట్టాలి. బావ పొలంలో అది లెక్కపెట్టలేదు, కాబట్టి ఆ ఏడాదికి పక్క తిండి సున్నా అనే ఉంచాను. మంచి జరుగుతుందని ఊహించి మందు ఆపడం కన్నా చెడు వైపు నుంచి లెక్క వేసుకోవడం నయం.

ఇంకో రెండు పరీక్షలు చేయండి. ఒక్కో మిత్రుడు వారానికి ఎన్ని తిన్నట్టు వస్తోందో చూడండి: తిన్నవి గడిని మిత్రులతో భాగిస్తే మందు లేని మా మొదటి షీటులో ఎక్కువలో ఎక్కువ దాదాపు 6. సాలీడు రోజుకే అంత తినగలదు కాబట్టి ఇబ్బంది లేదు. మీ షీటులో అది 60, 70 చూపిస్తే నమ్మకండి. కడుపుకు ఓ హద్దు ఉంటుంది. హోలింగ్ అనే కెనడా శాస్త్రవేత్త 1959లో బల్ల మీద గరుకు కాగితం బిళ్లలు గుచ్చి, కళ్లకు గంతలు కట్టిన సహాయకురాలితో వేలితో వెతికించి అలాంటి హద్దునే కొలిచాడు. బిళ్లలు ఎన్ని పెంచినా తీసి పక్కన పెట్టే టైము తగ్గదు కదా. రెండోది, షీటును 40 వారాలకు లాగకండి. అలలు వారం వారం పెద్దవై పిచ్చి అంకెలు వస్తాయి. ఈ రకం సమీకరణాల స్వభావమే అంత. వరి కోత దాకా వాడితే చాలు.

ఏడో పని: ప్రతి ఆదివారం పొలంతో పోల్చడం

బావ మందు కొట్టలేదు. మరుసటి ఆదివారం షీటు 6.4 అంటే పొలంలో 8 వచ్చాయి. ఆయన గొంతులో భయం వినిపించింది, నాకూ భయమే వేసింది. ఏం మారిందని అడిగితే, ఆ వారం పొలం పచ్చబడాలని యూరియా ఓ బస్తా ఎక్కువ చల్లానని చెప్పిండు. నత్రజని ఎక్కువైన వరిలో సుడిదోమ బాగా పెరుగుతుంది. రెండో వారం నుంచి పెంపును 2.4 చేశాను. మూడో వారం 7.7 వచ్చింది, పొలానికి దగ్గరే. అక్కడినుంచి షీటు చెప్పింది ఇది: 11.5, 16, ఆరో వారం 18.6, ఏడో వారం 14.8. అదే పెంపుతో రెండో వారం రెండిటినీ చంపే మందు కొట్టి ఉంటే ఏడో వారం 55.

18.6 అన్నది 20కి మరీ దగ్గర. కాబట్టి ఊరికే కూర్చోలేదు. మిగతా యూరియా ఆపాం, మడిలో నీళ్లు తీసి రెండు మూడు రోజులు ఆరగట్టాం. ఆరో వారం దుబ్బుకు 16 దోమలు, 3 మిత్రులు. ఏడో వారం 12. అప్పుడు గానీ ఇద్దరం ఊపిరి పీల్చుకోలేదు.

మందు ఎప్పుడు కొట్టాలో కూడా ముందే రాసుకోండి. వేడిలో నిర్ణయం తీసుకోవద్దు. మేం రాసుకున్నది ఇది: ఈనే దశలో లెక్క 20 దాటి, షీటు వచ్చే వారం ఇంకా పెరుగుతుందని చూపితే మందు కొట్టాలి, అదీ మిత్రుల్ని తక్కువ చంపేది, రైతు వేదికలో ఏఈవోను అడిగి, దుబ్బు మొదలు తడిసేలా. 20 దాటినా షీటు దిగుతుందంటే రెండు రోజులాగి మళ్లీ లెక్కపెట్టాలి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య సంస్థ నేర్పే పద్ధతిలో శత్రువులు రెండుకు మిత్రుడు ఒకరుంటే చేను తనను తాను కాచుకుంటుందని ఓ కొలత ఉంది. దాన్నీ పక్కన రాయండి. బావ ఫోన్ చేసిన రోజు ఆ నిష్పత్తి మూడుకు పైనే, అంటే జాగ్రత్త పడాల్సిన రోజే. నిష్పత్తి ఆ ఒక్క రోజు ఎలా ఉందో చెప్తుంది. ఎటు పోతోందో తెలియాలంటే షీటు కావాలి. ఏ ఒక్కదాన్నీ వదులుకోవద్దు.

యాసంగికి మాత్రం ఈ అంకెలనే వాడకండి. మార్చి ఎండల్లో పెంపు మారుతుంది, సాలీళ్ల నిలకడా మారుతుంది. వాయిల్ చీర ఉతికి ఆరబెట్టి అటక మీద పెట్టాం. ఫిబ్రవరిలో పిలకలు రాగానే మళ్లీ గూడు కట్టి, ఈసారి దోమ రాకముందు నుంచే మిత్రుల్ని లెక్కపెట్టాలని బావ క్యాలెండర్ మీద మూడు ఆదివారాలకు సున్నాలు చుట్టి పెట్టుకున్నడు.